చింతగింజల స్వాగతం

సాయంత్రం గంట కొట్టగానే రిబ్కా టీచరు నేలమీద కూర్చుని తన తరగతినంతా గుడ్డసంచిలోకి ఎత్తుకుంటుంది. చింతగింజలు, మామిడి టెంకలు, అక్షరాలు రాసిన అగ్గిపెట్టెలు, ఏదీ వదలదు. గది మూలలు కూడా చేత్తో తడిమి చూస్తుంది. ఆ సంచి మోసుకుంటూ బస్టాండుకు నడుస్తుంటే, కాపురం ఎత్తేశారా అని తోటి మాస్టర్లు నవ్వుతారు. ఆమె సంచి భుజాన సర్దుకుని నడుస్తుంది.

మూడేళ్ల కిందట ఈ సంచి లేదు. అన్నీ కిటికీ గూట్లోనే ఉండేవి. ఒకటో తరగతిలో ఎక్కువమంది పత్తి ఏరే కూలీల పిల్లలు. నల్లబల్లమీద అంకె వేస్తే బిక్కమొహాలు పెట్టేవాళ్లు. అందుకని రిబ్కా గదిలో ఒక అంగడి పెట్టింది. పది చింతగింజలిస్తే ఒక మామిడి టెంక. ఎండాకాలమంతా తోటల్లో ఏరి, బూడిదతో రుద్ది, పీచు దువ్వి ఎండబెట్టిన టెంకలవి. చిట్టెమ్మ అనే పిల్ల బడికొచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. ఆ అంగట్లో మాత్రం ఒక్క గింజ తగ్గినా చెయ్యి పట్టుకుని అడిగేది. ఇంకొన్నాళ్లు ఆ ఆట సాగితే పిల్లకి లెక్క వచ్చేస్తుందని రిబ్కా ఆశ.

ఇంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. బంధువుల పెళ్లికి విస్సన్నపేట వెళ్లిన రిబ్కా తిరిగొచ్చేసరికి గది నిండా రంగు వాసన. కిటికీ గూడు ఖాళీ. గోడకి ఒక పెద్ద చెక్క. దానిమీద ఆమె చింతగింజలన్నీ జిగురుతో అంటించి 'స్వాగతం' అని రాశారు. చుట్టూ ఎర్రరంగు పూసిన టెంకలు మేకులతో కొట్టారు. హెడ్మాస్టరు వెంకటప్పయ్యగారు పక్కన నిలబడి మురిసిపోతున్నారు.

"పిల్లల చేతుల్లో ఉంటే నెల ఆగవమ్మా. ఇలాగైతే పదేళ్లుంటాయి."

"పదేళ్లుండి ఏం చేస్తాయి సార్?"

"చూసేవాళ్లు చూస్తారు," అన్నారాయన.

ఇన్‌స్పెక్టరు చూశాడు, మెచ్చుకున్నాడు. ఊరికే ఉండలేక చిట్టెమ్మని లేపి, ఏడూ అయిదూ ఎంత అని అడిగాడు. ఆ పిల్ల గోడవంక చూసింది. అక్షరాల్లో గింజలు వెతుక్కుంటూ పెదాలు కదిపింది. చదవడం కూడా వచ్చండీ అన్నారు హెడ్మాస్టరుగారు గర్వంగా. చిట్టెమ్మ నడిచి వెళ్లి, కాలివేళ్లమీద లేచి, గోటితో ఒక గింజని పెకలించబోయింది. హెడ్మాస్టరుగారు ఆ చేతిమీద చెళ్లున కొట్టారు. ఇన్‌స్పెక్టరు నవ్వి, అలంకరణ బాగుందని చెప్పి, పెసరట్టు తినడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాడు. నూనె చేతుల్ని అక్కడి గోడపటానికేసి తుడుచుకోవడం రిబ్కా గుమ్మంలోంచి చూసింది. కృష్ణా జిల్లా పటం అది. ఆమె గీసిందే.

అందరూ వెళ్లాక కత్తితో ఆ చెక్కని గీకింది. గింజలు పగిలి, పొట్టు లేచి ఊడాయి. టెంకలు మేకుల దగ్గర చీలిపోయాయి. చేతులకంటిన ఎర్రరంగు కిరసనాయిలుతో కడిగినా వదల్లేదు. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంది. మర్నాడు హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లి ఒక్కమాటే అంది.

"ఇకమీద నా వస్తువేదీ రాత్రిపూట ఈ బళ్లో ఉండదు సార్."

ఆయన బల్లమీద కాగితాలు సర్దుకుంటూ తలూపారు. దేనికి తలూపారో ఆయనకే తెలీదు.

చిట్టెమ్మ ఆ తర్వాత ఎంతోకాలం చింతగింజ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేది. ఎండాకాలం వెళ్లాక బడికి రావడమే మానేసింది. గంపలగూడెం వైపు పత్తిచేలల్లో కనబడిందని ఎవరో చెప్పారు.

రిబ్కా ఇప్పటికీ ఆ బళ్లోనే ఒకటో తరగతి చెబుతోంది. కుడి భుజం నొప్పి పుడితే సంచిని ఎడమ భుజానికి మార్చుకుంటుంది.