చల్లగా ఉన్న డబ్బా

ఆ వయసులో ఎదుటివాళ్ల పనిమీద అనుమానమూ, సొంత పనిమీద నమ్మకమూ మనిషికి మెండుగా ఉంటాయి. నాకూ ఉండేవి. ఎనభైల చివర్లో మందమర్రి వైపు పైనుంచి తవ్వే ఒక బొగ్గు గని వర్క్‌షాపులో ట్రైనీగా చేరాను. లారీ బ్యాటరీ ఇరవై నాలుగు వోల్టులు, అందులోని వైర్‌లెస్ సెట్టుకు కావలసింది పన్నెండు. మిగతా సగాన్ని ఒక లావుపాటి తీగచుట్ట వేడిగా మార్చి గాలిలో కలిపేది. (డ్రైవర్లు దానిమీద జొన్నరొట్టెలు వెచ్చచేసుకునేవారు. నేనూ తిన్నాను, బాగుండేవి.) ఈ దుబారా చూడలేక చిన్న చిప్ పెట్టి ఒక సర్క్యూట్ తయారుచేసి రేకు డబ్బాలో బిగించాను. ఎక్కువైన నీళ్లు పారబోసే బదులు నల్లా తిప్పుతూ కట్టేస్తూ కావలసినంతే పట్టుకున్నట్టు, అది కరెంటును సెకనుకు వేలసార్లు వదిలి ఆపుతుంది. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే భాగానికే నాకు మూడు నెలలు పట్టింది. గని పెద్ద ఇంజనీరు సారు చూసి మెచ్చుకుంటే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే మంథనికి తిరిగిపోయి మా బాపు వెంట పొలం దిగడమే.

మా పెద్ద మెకానిక్‌ను అందరం వేలు మామ అనేవాళ్లం. మోటారైనా ట్రాన్స్‌ఫార్మరైనా ముందు వేలు ఆనించేవాడు, మీటరు తర్వాత. వేడి తగిలితే బతికున్నట్టు, లేకపోతే పోయినట్టు. నా డబ్బాను తాకి పెదవి విరిచాడు.

"ఏంది పిల్లగా, పీనుగ లెక్క సల్లగున్నది."

"సల్లగుండుడే దాని గొప్ప మామా. వేడెక్కితే కరెంటు దండుగైనట్టు," అని అరగంట క్లాసు పీకాను. ఆయన ఓపికగా విని, "మంచిది, సల్లగనే ఉండనియ్యి," అన్నాడు.

సారు వచ్చిన రోజు లారీ సీట్లో ఆయన, సీటు కింద డబ్బా, తలుపు దగ్గర నేనూ మామా. సారు మైకు పట్టుకుని గని అడుగునున్న మేనేజరును "వినబడుతోందా?" అని అడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగారు. లేదు. నా చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోయింది. చల్లగా ఉంది. అయిపోయింది, చచ్చింది అనుకున్నాను. చదువంతా ఎటు పోయిందో, మామ వేలి విద్య ఒక్కటే మిగిలింది. తీసి మళ్లీ తగిలిద్దామని దాని వైరు లాగేశాను. సరిగ్గా అప్పుడే "వినబడుతుంది సా..." అంటూ మొదలైన మేనేజరు గొంతు తెగిపోయింది.

"ఎవరు తీశారది?" అన్నారు సారు.

మామ నా చేతిలోంచి వైరు తీసుకుని, "నేనే సార్. సల్లగుంటే సచ్చిందనుకున్న. ముసలోన్ని, గీ కొత్తయి నాకేమెరుక," అన్నాడు. సారు ఆయనను అందరి ముందూ కడిగేశారు. వైరు పెట్టగానే సెట్టు పలికింది. సారు డబ్బాను తాకి, "వేడే లేదే," అని నా భుజం తట్టారు.

"గట్లెందుకు చెప్పినవ్ మామా?" అన్నాను సాయంత్రం.

"నా నౌకరి పాతది, తిట్లకు పోదు. నీది ఇంకా రానే రాలే గదరా," అన్నాడు.

పర్మనెంటు కాగితం వచ్చింది. సారును ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాను, వైరు సంగతి చెప్పలేదు. ఇప్పుడా సర్క్యూటంతా గోరంత చిప్‌లో ఇమిడిపోతోంది. ఆ పిల్లగాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. కరెంటు దండుగ గురించి అరగంట చెప్పగలిగినవాడికి, "నేనే తీశాను సార్" అన్న మూడు ముక్కలు నోట రాలేదు.