పరాయి చేతి ముద్ద

హాస్టల్లో అంతమంది పిల్లోళ్లకు సంగటి కెలికే పంకజాక్షి, వాకిట్లోకొచ్చిన కుక్కకు మాత్రం మెతుకు విదల్చదు. "రాతిగుండెది" అంటారు ఆడోళ్లు. అననీండబ్బా, నోటికేం, ఏమైనా అంటాది. ఆ గుండె ఎట్లా రాయయిందో వాళ్లకేం తెలుసు?

ఆమె మొగుడు గురప్ప పోలీసు కుక్కల దళంలో కానిస్టేబులు. జాకీ అనే అల్సేషన్ కుక్కను పిల్లప్పట్నుంచీ వాడే సాకినాడు. ఏడాదికోసారి పరీక్ష ఉండేది. కుక్కా మనిషీ జంటగా పాసు కావాల. చెప్పినట్టు వినాల, వాసన పట్టి దొంగోడి గుడ్డను లాగాల. అన్నిటికన్నా ముఖ్యం, సాకినోడు తప్ప ఇంకెవరు పెట్టినా ముట్టకూడదు. ఎవడో దొంగనాయాలు మాంసంలో విషం కలిపి పెడితే? అందుకన్నమాట. పరీక్ష తప్పితే మనిషిని మామూలు డ్యూటీకి తోస్తారు. కుక్కకు సూదేసి చంపుతారు.

ఒక ఎండాకాలం గురప్ప పచ్చకామెర్లొచ్చి మంచాన పడినాడు. తోటి కానిస్టేబులు గంగాధరం గిన్నె పెడితే జాకీ వాసన కూడా చూడలా. డొక్కలు ఎండుకపోయినాయి. పిల్లల్లేని మనిషి, పంకజాక్షి చూడలేకపాయె. మొగుడి కాకీ చొక్కా తొడుక్కోని, సంగట్లో మాంసం పులుసు పిసికి ముద్ద అందించింది. జాకీ చొక్కా వాసన చూసింది, ఆమె మొగం చూసింది, తినేసింది. పోనుపోను చొక్కా కూడా అక్కర్లేకపాయె.

గురప్ప లేచి తిరిగినాక మెచ్చుకుంటాడనుకునింది, పిచ్చిది.

"నా కొంప ముంచితివి గదే! పరీక్షలో ఆఫీసరు ఎవరిచేతనైనా పెట్టిస్తాడు. నీ చేతిది తినిందంటే సచ్చేది అదే" అన్నాడు.

"ఆకలికి సస్తా ఉంటే సూస్తా కూసోమంటావా?"

"పెట్టిన చేత్తోనే మాన్పించాల. నిప్పుల్లో వంకాయ కాల్చు."

కాల్చిన వంకాయ పైన చల్లారినా లోపల నిప్పే. దాన్ని పులుసులో ముంచి ఏ చెయ్యి పెడితే, ఆ చేతి కూడు కుక్క మళ్లీ ముట్టదు. పంకజాక్షి మొగుడి కాళ్లు పట్టుకునింది.

"సూదేపిచ్చేదా మరి? నీ ఇష్టం" అన్నాడు వాడు.

పెట్టింది. జాకీ తోకాడిచ్చుకుంటా వచ్చి కరిచింది. దాని అరుపుకు పోలీసు లైన్లో ఇండ్లోళ్లంతా బయటికొచ్చినారు. నోట్లో పుండ్లు మానినాక మళ్లీ పెట్టమన్నాడు. బుద్ధిలేని కుక్క, మళ్లీ నమ్మి వచ్చింది! ఆ తర్వాత ఆమె చెయ్యి చాస్తే చాలు, పొట్ట నేలకానిచ్చి వణుకుతా ఉచ్చ పోసుకునేది.

"ఇప్పుడు దారికొచ్చింది" అని గురప్ప నవ్వినాడు.

పరీక్షనాడు, ఇంటి మనిషి పెట్టినా తింటాదేమో చూద్దామని, ఆఫీసరు పంకజాక్షి చేతికే మాంసం తట్ట ఇచ్చినాడు. జాకీ మొగం తిప్పుకునింది. "శభాష్" అని ఆఫీసరు గురప్ప భుజం తట్టినాడు. ఆమెకూ సంతోషమే అయింది. బతికింది గదా!

ఆ ఏడే గురప్ప తిరుపతికి బ్రహ్మోత్సవాల బందోబస్తుకు పోయినాడు. తిరిగొచ్చేటప్పుడు రేణిగుంట దగ్గర లారీ బోల్తాపడి, శవమై ఇల్లు చేరినాడు.

జాకీ కూడు మానేసింది. గంగాధరం బతిమాలినాడు, తిట్టినాడు, ఊహూ. చివరికి పంకజాక్షి ఉతకని కాకీ చొక్కా తీసి తొడుక్కునింది. సంగటి బాగా చల్లార్చి, ముందు తానొక ముద్ద తిని చూపించింది. జాకీ పాక్కుంటా వచ్చింది. చొక్కాలో మూతి దూర్చి, ఆమె ఒడిలో తల పెట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు. ముద్ద అందించింది.

ఆ చెయ్యి చూసి జాకీ పండ్లు బిగబట్టుకునింది.

"తినురా నాయనా. సల్లంగా ఉండాది, సూడు. నీ కాళ్లు మొక్కుతా, తినరా!"

ఒడిలోంచి తల తియ్యలా, నోరూ తెరవలా. నీళ్లు మాత్రం గంగాధరం పోస్తే నాకేది. కొన్నాళ్లకు ఆ ఒడిలోనే పోయింది.

పూడ్చేనాడు ఆఫీసరు వచ్చి పూలదండ వేసినాడు.

"ఇంత పక్కాగా తయారైన కుక్కను నేను చూడలేదమ్మా. నీదీ చెయ్యుందంట గదా ఇందులో, గంగాధరం చెప్పినాడు" అని మెచ్చుకున్నాడు.

పంకజాక్షి కుడిచేతిని కొంగు కింద దాచుకునింది.