గేటు లోపలి నడక

మా ఇంటి ఆడవాళ్ళు రోడ్డు మీద నడిచేవారు కాదు. మా నాయనమ్మ పక్కవీధిలో పేరంటానికి వెళ్ళాలన్నా గూడుబండి కట్టవలసిందే. ఆ బండి పోయింది, ఎడ్లు పోయాయి, బండి నిలిపే చోట ఇప్పుడు వేరేవాళ్ళ డాబా లేచింది. మాకు మిగిలినవి పాత ఇంటి వెనకవైపు మూడు గదులు, కాస్త పెరడు, ఒక ఇనుప గేటు. ఆడవాళ్ళు రోడ్డెక్కరన్న ఆ మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. నా నోట్లోనే ఉండిపోయింది.

నా భార్యకి షుగరు, దానికి తోడు ఒళ్ళు. మోకాళ్ళ నొప్పితో మెట్టు దిగడానికి కూడా గోడ పట్టుకునేది. అమలాపురం డాక్టరుగారు బరువు తగ్గడానికి సూది రాశారు. పెన్నులా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుని, వారానికోసారి పొట్ట మీద పొడుచుకోవాలి.

"ఇది ఆకలి తగ్గిస్తుందండి. కానీ కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అందుకని అమ్మగారు రోజూ నడవాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చెయ్యాలి. గుడ్డూ పప్పూ మానకూడదు. సూది చేసేది సగం పనేనండి" అన్నారాయన.

"ఆయ్" అన్నాను నేను.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర పిలుపు వినబడింది. పక్కింటావిడ. ఒకప్పుడు మా బండి తోలిన మనిషికి కోడలు. పన్నెండేళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చి, మా స్థలంలో ఆ డాబా కట్టుకున్నది ఆవిడే. కాళ్ళకి బూట్లు వేసుకుని రోజూ కాలువగట్టు మీద నడుస్తుంది.

"అమ్మగారూ, డాక్టరుగారు నడవమన్నారని గోడ మీంచి చెప్పేరు కదండీ, మరి రండి! కాలువ లాకుల దాకా వెళ్ళొచ్చేద్దాం. కువైట్‌లో మేడమెట్లు ఎక్కీ దిగీ ఇలా ఉన్నాను గానీ, లేపోతే నేనూ డ్రమ్మేనండి!"

నా భార్య నవ్వింది. అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. నా వైపు చూసింది. నేను పేపరు దించలేదు.

"మనవాళ్ళు గట్ల మీద తిరగరు. పెరట్లో నడు" అన్నాను. గేటు దాకా వినబడేలాగే అన్నాను.

తను చెప్పులు విప్పేసింది.

పెరట్లో నూతి నుంచి తులసికోట దాకా ఇరవై అడుగులుంటాయి. కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగింది. వానలు మొదలై గచ్చు పాచి పట్టాక మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. సూది ఎలాగూ పనిచేస్తోంది కదా. రెండు ముద్దలు మజ్జిగన్నం తిని కంచం జరిపేసేది. గుడ్డు చూస్తేనే వికారమనేది. వారం వారం సూది వేసేది నేనే. జాకెట్లు వదులైతే కుట్లు వేయించుకోమన్నది కూడా నేనే.

కొత్తపేటలో మా చుట్టాలింటి పెళ్ళికి వెళ్ళాం. "వదినగారూ, మీకు మళ్ళీ పెళ్ళి చేసెయ్యొచ్చండి! మా అన్నయ్యగారే మరీ ముసలాడైపోయేరు, ఇంకోర్ని చూడాలి" అని మా బాబాయి కూతురు పందిరంతా నవ్వించింది. చాలా ఏళ్ళ తరవాత ఆ రోజు చుట్టాల మధ్య తలెత్తుకుని తిరిగాను. కాసేపటికి నా భార్య చాప మీంచి లేవబోయింది. లేవలేకపోయింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపారు.

"మోకాళ్ళు" అంది నాతో.

మోకాళ్ళ నొప్పి పోయిందని వారం కిందటే చెప్పింది. అది నాకు గుర్తుంది. అయినా ఊరుకున్నాను.

కరివేపాకు కోసం వెనకమెట్లు దిగుతూ పడింది. రెండే మెట్లు. తుంటి విరిగింది. సగానికి తగ్గిపోయిన మనిషిని నేను లేపలేకపోయాను. పక్క డాబా వైపు తిరిగి కేకపెట్టాను. జీవితంలో అదే మొదటిసారి. పక్కింటావిడ పరుగున వచ్చి, ఒక్కర్తే, రెండు చేతుల మీదా ఎత్తుకుంది.

"అయ్యో, అమ్మగారేరండి ఇందులో? గుప్పెడు దూదైపోయేరు" అంటూ గేటు దాటి, రోడ్డు దాటి, ఆటో దాకా మోసుకెళ్ళింది. నేను చెప్పులు లేకుండా వెనకాల నడిచాను.

ఆపరేషను కాకినాడలో అయింది. తరవాత అమలాపురం డాక్టరుగారికి చూపించాం. ఆయన తొడ చుట్టూ చెయ్యి పెట్టి చూసి, "నడిచేరాండి రోజూ?" అనడిగారు.

నేను నోరు తెరిచేలోపే నా భార్య అంది. "నాకే బద్ధకమండి. ఈయన చెబుతూనే ఉన్నారు."

నేను కాదనలేదు. ఇప్పటికీ అన్నిటికంటే బాధపెట్టేది అదే.

సూది ఆపించారు. ఎముక అతికింది గానీ కాళ్ళలో సత్తువ లేదు. వాకరు పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా, ఆ తరవాత గుమ్మం నుంచి గేటు దాకా వచ్చింది. అంతే. పోయిన కండ ఇంత ఆలస్యంగా మళ్ళీ రావడం కష్టమన్నారు డాక్టరుగారు. అయినా నడక మానొద్దన్నారు.

ఒక పొద్దున్న, "గట్టు మీదికి వెళ్దాం, నేను పట్టుకుంటాను" అన్నాను.

"వద్దండి" అంది. "ఇలా వాకరుతోనా? అందరూ చూస్తారు. మనవాళ్ళు గట్ల మీద తిరగరు కదా."

దెప్పుతోందేమోనని మొహం చూశాను. దెప్పడం లేదు. నిజంగానే అంటోంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను తనకి నేర్పింది అదొక్కటే అనిపించింది.

ఇప్పుడు గట్టు మీద నేను నడుస్తున్నాను. పక్కింటావిడ ముందు, నేను నాలుగడుగులు వెనక. లాకుల దగ్గర గుర్రపుడెక్క ఎంత పెరిగిందో, ఎవరు ఎదురుపడ్డారో, వచ్చాక నా భార్య అన్నీ అడుగుతుంది. అన్నీ చెబుతాను. పొద్దున్నే వాకరుతో గేటు దాకా వచ్చి నన్ను సాగనంపుతుంది. రోజూ నేను గేటు బార్లా తీసి వెళ్తాను.

తిరిగొచ్చేసరికి లోపలి నుంచి గడియ వేసి ఉంటుంది.