పదో రొట్టెముక్క

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. మా అమ్మాయి కొవ్వొత్తి వెలిగించి, కరెంటు రాగానే ఉఫ్ మని ఊదేసింది. ఆరిన ఒత్తి నుంచి లేచిన పొగ ముక్కుకి తగిలేసరికి నేను పాలకొల్లులో లేను. బహ్రెయిన్‌లో, హూరాలో ఒక పాత మేడ మీద, లైట్లన్నీ ఆర్పేసిన హాల్లో, గోడకు ఆనుకుని నిలబడి వణుకుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వణుకు గుర్తొచ్చిన మరుక్షణం నవ్వొస్తుంది. ఆ నవ్వు నాకిచ్చిన మనిషి గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. ఆవిడని నేను మామా అని పిలిచేదాన్ని. అక్కడ ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లమందరం యజమానురాలిని అలాగే పిలుస్తాం, అమ్మ అని అర్థం.

రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్లకు అనుకుంటాను, మా ఆయన పోయిన ఏడాదికి, అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. మొదట పనిచేసిన ఇంటి గురించి ఎక్కువ చెప్పను. ఆ ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు నన్నే పిలిచేవారు. ఒకసారి వెండి చెంచా కనబడలేదని రెండు రోజులు నాతోనే ఇల్లంతా వెతికించారు. మూడో రోజు అది ఫ్రిజ్ వెనకాల దొరికింది. దొరికాక ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు. ఆ ఇంటివాళ్లు వేరే దేశం వెళ్లిపోతూ నా వీసాను మామాకు మార్చారు. అలా మామా నా కఫీల్, అంటే నా వీసాకి పూచీదారు అయింది. నేను మాత్రం ఆ చెంచాను వెంటబెట్టుకునే కొత్త ఇంట్లో అడుగుపెట్టాను. గ్యాసు మూడుసార్లు కట్టేదాన్ని. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచేదాన్ని. ఎక్కడ ఏ లోపం దొరుకుతుందో, ఎప్పుడు విమానం ఎక్కించేస్తారో అని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరిగేదాన్ని.

మామా పొట్టిగా ఉండేది. తెల్లజుట్టు మెడదాకా కత్తిరించుకుని, కళ్లజోడును గొలుసుకి కట్టి మెడలో వేసుకునేది. ఎండునిమ్మకాయ వేసిన టీ రోజుకి ఆరుసార్లు తాగేది. ఆవిడ యూదురాలు. మనామాలోనే పుట్టింది, వాళ్ల నాన్న పాత బజారులో బట్టల వ్యాపారం చేసేవాడట. అయినవాళ్లలో చాలామంది ఎప్పుడో లండన్ వెళ్లిపోయారు, కూతురితో సహా. "మీరెందుకు వెళ్లలేదు మామా?" అని అడిగితే, "అక్కడ కూరగాయలవాడికి నా ముఖం తెలియదు కదా" అంది. ఆవిడ మాట్లాడేది అరబీ, మధ్యలో బజారు హిందీ. నాకు ఎలా అర్థమైందో అలా తెలుగులో రాస్తున్నాను.

మార్చి చివర్లో ఒకరోజు, పస్కా పండుగ వస్తోంది, ఇల్లంతా శుభ్రం చేయాలి అని చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊరుకోవచ్చుగా! "నాకు తెలుసు మామా. మేము క్రైస్తవులం. ఐగుప్తులో బానిసలుగా ఉన్న మీ పెద్దవాళ్లు రాత్రికి రాత్రి బయలుదేరడం, పిండి పులిసే వేళ కూడా లేకపోవడం, పులియని రొట్టెలు, అన్నీ మా బైబిల్లో ఉన్నాయి" అన్నాను గొప్పగా. మామా ముఖం వెలిగిపోయింది. "అయితే నీకు నేను చెప్పేదేముంది!" అని అక్కడితో ఆపేసింది. ఆ గొప్పే నా కొంప ముంచింది. పండుగ ముందు రాత్రి వాళ్లు ఇంట్లో ఏం చేస్తారో బైబిల్లో లేదు మరి.

రెండు వారాలు శుభ్రం చేశాం. పులిసిన పిండితో చేసింది ఏదీ, చిన్న రొట్టె నలుసు కూడా ఇంట్లో మిగలకూడదు. సోఫా దిండ్లు దులిపాను, అలమరాల మూలల్లో పుల్ల పెట్టి గీకాను. ఈలోగా లండన్ నుంచి మామా కూతురు పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. లియాకు ఎనిమిదేళ్లు, డానీకి ఐదు. కూతురు మంచిదే, కానీ వచ్చిన రోజునుంచీ ఒకటే పాట. "అమ్మా, నువ్వు మర్చిపోతున్నావు. మొన్న ఫోన్లో ఒకే విషయం రెండుసార్లు చెప్పావు. పెద్దమ్మకీ ఇలాగే మొదలైంది. ఇల్లు అమ్మేసి మాతో వచ్చెయ్." మామా అక్క చివరి రోజుల్లో సొంత పిల్లల్నే గుర్తుపట్టలేదట. ఆ మాట వచ్చినప్పుడల్లా మామా టీ గ్లాసు కింద పెట్టేసి కిటికీలోంచి వీధిలోకి చూసేది. ఆ ఇల్లు వదలడం ఆవిడకి ఎంత కష్టమో పనిమనిషినైన నాకే తెలిసిపోయేది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం డాబా మీద ఆరిన బట్టలు తెచ్చి, నా అలవాటు ప్రకారం ఇల్లంతా మరోసారి చూసుకుంటున్నాను. హాల్లో కర్టెన్ పక్కకి జరిపితే కిటికీ గట్టు మీద చిన్న కాగితం పొట్లం కనబడింది. విప్పితే రొట్టెముక్క. రెండు వారాలు చాకిరీ చేసి, నడిహాల్లో రొట్టెముక్క వదిలేశానా! చెత్తబుట్టలో వేస్తే మామా చూస్తుంది. బయట పడేద్దామంటే కూతురు వరండాలో కూర్చుని ఉంది. ఏం చేయాలో తోచక నోట్లో వేసుకుని మింగేశాను. కాగితం ఉండచుట్టి బాత్రూంలో వదిలి నీళ్లు కొట్టాను. హమ్మయ్య అనుకుని పనిలో పడ్డాను.

చీకటి పడగానే మామా లైట్లన్నీ ఆర్పించింది. లియా చేతికి వెలిగించిన కొవ్వొత్తి, డానీ చేతికి పళ్లెం ఇచ్చి, "ఈ ఇంట్లో పది రొట్టెముక్కలు దాచాను. వెతికి పట్టుకోండి. అన్నీ దొరికితేనే పండుగ" అంది. అప్పుడు తెలిసింది నేను తిన్నదేమిటో.

పిల్లలు మాత్రం ఎగిరి గంతేశారు. డానీ మంచం కింద దూరాడు. లియా పుస్తకాల వెనక వెతికింది. ఒక్కో ముక్క దొరికినప్పుడల్లా మామా వాళ్లని ఆపి ఒక్కో ముచ్చట చెప్పేది. మన పెద్దవాళ్లు ఎందుకంత తొందరగా బయలుదేరారో, పిండి పొంగేదాకా ఎందుకు ఆగలేకపోయారో, పొంగిన పిండిని చూస్తే మనలో ఉబ్బిన గర్వం ఎందుకు గుర్తుకు రావాలో. పాఠం చెబుతున్నట్టే ఉండేది కాదు. తర్వాతి ముక్క కోసం పరుగెత్తే తొందరలో వాళ్లు అన్నీ వినేస్తున్నారు. డానీ వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక వేలు మిగిలిపోయింది.

"కిటికీ గట్టు చూడండి" అంది మామా. చూశారు, లేదు. "కర్టెన్ వెనకాల పెట్టానే!" అంటూ తనే వెళ్లి చేత్తో తడిమింది. "చీటీ రాసుకున్నావా అమ్మా?" అని కూతురు అడిగింది. "ఎందుకు? ఇక్కడ ఉంది" అని తల చూపించబోయిన మామా చెయ్యి సగంలో ఆగిపోయింది. కూతురు తల్లివైపు చూసింది. "వేరే చోట పెట్టానేమో. అవును, నేనే మర్చిపోయి ఉంటాను" అని మామా మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నేను వంటింట్లోకి పారిపోయాను. అక్కడ యూసుఫ్ భాయ్ సామాను దింపుతున్నాడు. మామా కారు నడిపే మనిషి, నిజామాబాద్ ఆయన. ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"నీకేమన్న పిచ్చా కరుణ చెల్లె? సప్పుడు జెయ్యకుండ ఉండు. తెల్లారితే అందరు మర్చిపోతరు. గల్ఫుకొచ్చి నేను నేర్సుకున్నది గదొక్కటే. తప్పు నీ మీద ఏసుకోకు."

"ఆవిడకి మతిమరుపొచ్చిందనుకుంటున్నారు భాయ్. ఇల్లు అమ్మించేత్తారండి."

"నిన్ను ఇంటికి తోలితే నీ బిడ్డ సదువు ఏంగావాలె?"

ఆయన అన్నది నా మంచికే. అయినా హాల్లోకి వెళ్లాను. ధైర్యంతో వెళ్లానని చెప్పుకుంటే అబద్ధం. కుర్చీలో మామా కూర్చున్న తీరు చూడలేక వెళ్లాను. వచ్చిన నాలుగు అరబీ ముక్కలూ కూడదీసుకుని, "మామా, ఆ ముక్క నేను తినేశాను" అన్నాను.

కొవ్వొత్తి పట్టుకున్న లియా నోరు తెరిచింది. మామా లేచి నా దగ్గరకు వచ్చింది. కొడుతుందేమోనని కళ్లు మూసుకున్నాను.

"ఎక్కడ దొరికింది?"

"కిటికీ గట్టు మీద. కర్టెన్ వెనకాల."

ఒక్క కేక వేసింది మామా. "విన్నావా! కిటికీ గట్టు! చెప్పానా లేదా?" అని కూతురివైపు తిరిగి, నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. నాకేమీ అర్థం కాలేదు. కూతురు ముఖం చేతుల్లో దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. డానీకి మాత్రం నేను రొట్టె తిన్న సంగతే నచ్చింది, పొట్ట పట్టుకుని నేలమీద దొర్లాడు. వంటింటి గుమ్మంలోంచి యూసుఫ్ భాయ్, "యా అల్లా!" అన్నాడు.

నవ్వులయ్యాక మామా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎందుకు తిన్నావు?" అని అడిగింది. భయమేసింది అన్నాను. చెంచా సంగతి కూడా చెప్పేశాను, అడక్కుండానే. ఆవిడ పిల్లలవైపు తిరిగి అంది: "రేపు పొద్దున దాకా రొట్టె తినొచ్చు, కరుణ తప్పేమీ చేయలేదు. మీ అందరికంటే ముందు వెతికి పట్టుకుంది. బహుమతి తనదే." డానీ ఒప్పుకోలేదు. చివరికి ఖర్జూరం మిఠాయి ముగ్గురం పంచుకున్నాం.

అప్పుడు మామా ఏదో పాత భాషలో నాలుగు మాటలు చదివి, పిల్లలకీ నాకూ అర్థం ఇలా చెప్పింది: నేను చూడనిది, నాకు తెలియనిది, ఇంకా ఈ ఇంట్లో మిగిలి ఉంటే అది నాది కాదు, నేలమీది దుమ్ముతో సమానం. "ఎంత వెతికినా ఏదో ఒకటి మిగులుతుందని మా పెద్దవాళ్లకి తెలుసు. అందుకే వెతకడానికి ఒక హద్దు పెట్టారు. మనసారా వెతుకు, ఈ మాట అనుకో, వెళ్లి పడుకో. ఖలాస్" అంది. పిల్లలకి చెబుతున్నట్టే ఉన్నా చూపు నా మీదే ఉంది. ఆ రాత్రి గ్యాసు ఒక్కసారే కట్టి పడుకున్నాను. అంత హాయిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో లెక్కే లేదు.

మామా లండన్ వెళ్లలేదు. మరుసటి ఏడాది మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పిల్లల క్లాసు నాకు అప్పజెప్పారు. శుక్రవారం సెలవు కాబట్టి మా సండే స్కూలు శుక్రవారమే జరిగేది, మనామాలో అద్దె హాల్లో. పస్కా పాఠం వచ్చినప్పుడు ఖుబ్బూస్ రొట్టె తుంచి పది పొట్లాలు కట్టాను. పాస్టరమ్మగారు, "యూదుల ఆట మన పిల్లలకెందుకమ్మా?" అన్నారు. "యేసయ్య చిన్నప్పుడు చేసుకున్నది ఈ పండగేగదండి" అన్నాను. దాంతో ఆవిడ తానే ఒక పొట్లం కుర్చీ కింద దాచారు.

ఆ రోజు కూడా తొమ్మిదే దొరికాయి. పదోది ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు. హాలు ఖాళీ చేయమని తర్వాతి గుంపువాళ్లు తలుపు దగ్గరికి వచ్చేశారు. జెస్సీ అనే పిల్ల ఏడుపుముఖం పెట్టి, "టీచర్, ఒకటి దొరకలేదండి. దేవుడు కోప్పడతాడాండి?" అంది. పాత కరుణ అయితే కుర్చీలన్నీ తిరగేయించేది. నేను పిల్లలందర్నీ దగ్గరకు పిలిచి మామా చెప్పిన మాట తెలుగులో చెప్పించాను. వాళ్లు గట్టిగా అరిచి చెప్పి, నవ్వుకుంటూ వ్యాన్లు ఎక్కేశారు. ఆ ముక్క ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత రెండేళ్లకి మా అమ్మాయి పదో తరగతికి వచ్చిందని నేను తిరిగి వచ్చేశాను. వెళ్లే రోజు పెట్టె సర్దుకుని హాల్లోకి తెచ్చి, మూత తెరిచి పెట్టి పక్కన నిలబడ్డాను. ఇల్లు వదిలి వెళ్లే పనిమనిషి పెట్టెను యజమాని చూసుకోవడం అక్కడ చాలా ఇళ్లలో మామూలే. మామా టీ గ్లాసుతో వచ్చి, "ఇలా తెరిచి పెట్టావేంటి?" అంది.

"చూసుకోండి మామా."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. గ్లాసు బల్లమీద పెట్టి, వంగి మూత వేసేసింది. పెట్టె నిండిపోయి మూత పడలేదు. దాంతో ఎక్కి దానిమీదే కూర్చుని, "యల్లా, త్వరగా జిప్పు లాగు. విమానం నీకోసం ఆగదు" అంది. లాగాను. నా కళ్లు తడిగా ఉండి జిప్పు సరిగా కనబడలేదు.

ఇప్పుడు ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకుంటాను. నా కింద ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఎక్కడ నేర్చుకున్నారో, గుమ్మం దగ్గర ఆగి సంచి విప్పి చూపించబోతారు. నేను పొయ్యి దగ్గరనుంచి తల తిప్పను. "వెళ్లండమ్మా, బస్సు వెళ్లిపోద్ది" అంటాను.