ఆదివారం దాకా ఆగిన కాగితం

మా ఇంట్లో ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాల్సిందే. ఆయన మా తెలుగు సంఘానికి పాస్టరు. ఉండేది ఈ పరాయి దేశంలో ఆ చివర కాజిల్‌బార్‌లో, మేముండే కార్క్ ఊరికి నెలకొక ఆదివారం వస్తారు. మా ఆయన నర్సు ఉద్యోగం కాగితం, పిల్ల కాలేజీ కాగితం, మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్న కాగితం, అన్నిటికీ అదే వరస. నేను ఐదో తరగతితో బడి మానేసిన మనిషిని. చదవలేని కాగితం ముందు నాకు అంతకు మించిన ధైర్యం లేదు.

ఆ ఫ్లాట్‌కి లిఫ్టు లేదు. మా ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక ఆస్పత్రివాళ్లు తెగేసి చెప్పారు. మెట్లు లేని ఇల్లు చూసుకుంటే ఇంటికి పంపిస్తాం, లేకపోతే నర్సింగ్ హోమ్‌కే అని. నేను పదకొండేళ్లుగా అలాంటి హోమ్‌లోనే, మంచాన పడ్డ ముసలివాళ్లకి సేవలు చేసే కేరర్‌ని. అక్కడికి వచ్చినవాళ్లు మళ్లీ ఇంటికి వెళ్లడం ఎంత అరుదో నాకు తెలుసు.

ఊరి చివర ఒక చిన్న ఇల్లు చూశాను. చక్రాల కుర్చీ తలుపులో పడుతుంది. పొయ్యి దగ్గర నిలబడితే ఆయన మంచం కనపడుతుంది. మా ఫ్లాట్ అమ్మితే అది కొనుక్కోవచ్చు. కొనడానికి ఒక కుర్రజంట కూడా వచ్చింది. కానీ మా కాగితాలు చూసి వాళ్ల బ్యాంకు ఆగిపోయింది.

మేము కొన్నది గోడలే, కింద నేల మాది కాదు. పొలం కౌలుకిచ్చినట్టు ఆ నేలని ఎప్పుడో లీజుకిచ్చారు. ఆ గడువులో పాతికేళ్లు కూడా మిగల్లేదు. గడువు పెంచితే తప్ప ఫ్లాట్ అమ్ముడుపోదు. నేల సొంతదారు తొంభై దాటిన ముసలావిడ. మా లాయరమ్మ అడిగితే పాపం కాదనలేదు. కొత్త లీజు కాగితం మంగళవారం మా చేతికొచ్చింది. మేమిద్దరం సంతకాలు పెట్టి ఇచ్చేస్తే ఆవిడా పెడుతుంది, దాంతో అయిపోతుంది.

ఆ సాయంత్రం నేనూ పిల్లా కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాం. మా ఆయన కుడిచెయ్యి చాపారు.

“పెన్నిటివ్వు.”

“ఆదివారం అయ్యగారొస్తున్నారండీ. ఐదు రోజులేగా.”

“ఈ ఫ్లాట్ కొన్నప్పుడూ చేయించావుగా ప్రార్థన. లీజు ఎన్నేళ్లుందో ఆయనకీ కనపళ్లేదు, నీకూ కనపళ్లేదు.” మాట ముద్దగా వస్తున్నా వెటకారం మాత్రం తగ్గలేదు.

“మీకు కనపడిందేంటి మరి, ఇంగ్లీషు చదువుకున్నోళ్లు!” అన్నాను. మూతి ఒక పక్కకే కదిలినా నవ్వారు.

పిల్ల ఇక్కడి యాసలో విసుక్కుంది. “మ్యామ్, జస్ట్ సైన్ ఇట్. షీ ఈజ్ ఓవర్ నైంటీ, లైక్!”

“నోర్మూసుకోవే.”

“ఏమే, దేవుడికి మంగళవారాలు సెలవా?” అన్నారు ఆయన.

“నా తృప్తి కోసమండీ. ఈ ఒక్కసారికి.”

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి మీద పెట్టుకున్నారు. “నీ ఇష్టం.”

ఆదివారం అయ్యగారు మోకాళ్లూని చాలాసేపు ప్రార్థించారు. సంతకం పెట్టాల్సిన ఆ తల్లికి ఆయుష్షు పెంచమని కూడా అడిగారు. అందరం గట్టిగా ఆమేన్ అన్నాం. అట్నుంచటే ఆస్పత్రికి వెళ్లి మా ఆయన చేత సంతకం చేయించాను, నేనూ చేశాను. సోమవారం ఆఫీసు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను.

లాయరమ్మ కాగితం అందుకోలేదు. నన్ను కూర్చోబెట్టింది. ముసలావిడ శుక్రవారం పొద్దున పోయిందట. ఆవిడ పనులు చూసేదీ ఈ ఆఫీసేనట, గురువారం వచ్చి వేరే సంతకాలేవో పెట్టి వెళ్లిందట. “మీ కాగితం వచ్చిందా అని అడిగింది కూడా” అంది లాయరమ్మ, బల్లకేసి చూస్తూ.

ఆవిడకి పిల్లల్లేరు. అన్నదమ్ముల బిడ్డలు ఒక్కొక్కరు ఒక్కో దేశంలో, ఆస్తి కోసం తగువులో ఉన్నారు. లీజు పెంచమని అడిగే హక్కు చట్టప్రకారం మాకుందట. కానీ నేల ఎవరిదో తేలేదాకా ఏదీ కదలదని, దానికి ఏళ్లు పడుతుందని చెప్పింది. కుర్రజంట వేరే ఫ్లాట్ కొనుక్కున్నారు. నేను చూసిన ఇంట్లోకి ఇంకెవరో వచ్చారు.

మా ఆయనకి నేనే చెప్పాను. తిడతారేమోనని మంచం పక్కన నిలబడ్డాను. ఒక్క మాట తిట్టినా తేలికపడేదాన్ని. “ఆవిడ బాధపడకుండా పోయిందటా?” అని అడిగారు.

ఆయన్ని నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. నేను చేసేదాంట్లో చోటు లేదు, ఊరికి ఆ చివర దొరికింది. పొద్దంతా వేరేవాళ్ల భర్తలకి స్నానాలు చేయించి, గడ్డాలు గీసి, రెండు బస్సులు మారి ఈయన దగ్గరికి వెళ్తాను. అప్పటికి ఈయన గడ్డం ఎవరో గీసేసి ఉంటారు. దవడ కింద నాలుగు వెంట్రుకలు వదిలేస్తారు, నేను చేత్తో తడుముతాను. మొదట్లో రోజూ లీజు సంగతి అడిగేవారు. తర్వాత వారానికోసారి. మొన్న చలి మొదలయ్యాక, “నా స్వెట్టర్లూ బూట్లూ అన్నీ ఇక్కడికే తెచ్చెయ్యి. అక్కడ ఊరికే ఎందుకు” అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి రెండు సంచుల్లో సర్ది పట్టుకెళ్లాను. ఏది ఏ అరలో పెట్టాలో ఆయన చెప్తుంటే, పెట్టాను.