తడి దుప్పటి పరీక్ష

ఈ సాయంత్రం ఐదున్నరకు బాల్కనీలో బట్టలారేసే కడ్డీ బిగించడం పూర్తయింది. బిగించింది నేనే. కార్పెంటర్ ఎందుకు, నేను చేస్తానని ఉగాదికి ముందు మాటిచ్చిన పని అది. ఇంటి పనులు రాసుకునే నోటుబుక్కు తీసి, దాని మీద గీత కొట్టబోయాను. మా ఆవిడ పద్మ పెన్ను లాక్కుంది.

"ఏమప్పా, చేసినోడే కొట్టేస్తే ఎట్ల? వాడేవాళ్లే కొట్టాలని రూల్ పెట్టింది నువ్వే కదా!"

నిజమే. రాసినవాడే తన వార్తను ఓకే చేసుకోకూడదని మా పత్రికాఫీసులో నేర్చుకున్నాను. "అయిపోయింది సార్" అని వెళ్లిపోయే ప్లంబర్ల కోసం ఆ నియమాన్ని ఇంట్లోనూ పెట్టాను. అది నా దాకా వస్తుందనుకోలేదు.

"తువ్వాలు వేసి చూశాను. గట్టిగానే ఉంది."

"తువ్వాలు కాదు, తడి దుప్పటి వేసినా నిలబడాల. అప్పుడు కొడతా."

నోటుబుక్కులో ఆ పని పక్కన నా పేరుంది. దాని కింద పద్మ పెన్సిల్‌తో కార్పెంటర్ మంజణ్ణ పేరు రాసింది. మీ ఇంట్లో గీత కొట్టే అధికారం ఎవరిదో చెప్పండి.

రేపు ఉదయం ఏడింటికి దుప్పటి ఆరేస్తాం. ఎనిమిదింటికి రమ్మని మంజణ్ణకు పద్మ ఇప్పటికే ఫోన్ చేసేసింది.