గోడలో పరాయి సాకెట్టు

అదే, మొన్న చెబుతుంటే కుక్కర్ కూసిందని మధ్యలో లేచిపోయానే, మా బావ ప్లగ్గు సంగతి, ఇప్పుడు వినండి.

మా అక్క మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. బాగుచేసినదాన్ని ఓ పూటంతా బల్ల మీద ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడుగానీ చేతికివ్వడు. ఈమధ్య చెవులు మందగించి మిషన్లు పెట్టుకున్నాడు. వాటికి రోజూ చార్జింగు పెట్టాలి. ఇంతలో విదేశంలో గడియారాల దుకాణం నడిపే పాత స్నేహితుడు, ఓసారి వచ్చి తన గోడ గడియారాలు చూడమని టిక్కెట్టు పంపాడు. అక్కడ చార్జింగు లేకపోతే బావకి గడియారమూ వినపడదు, మనిషీ వినపడడు. మన పిన్నులేమో గుండ్రం, అక్కడి సాకెట్టు రంధ్రాలు పలక. మధ్యలో అడాప్టర్ ఉండాల్సిందే. నన్ను వెంటబెట్టుకుని ఎలక్ట్రికల్ షాపుకి బయల్దేరాడు.

"పెట్టి చూపించు బాబూ," అన్నాడు.

"ఎక్కడ పెట్టమంటారు బాబాయ్? మన గోడలకి పలక రంధ్రాలు లేవుగా."

"మరి పనిచేస్తుందని నీకెలా తెలుసు?"

"ఇప్పటిదాకా ఎవరూ వెనక్కి తేలేదు."

"తీసుకెళ్ళినవాళ్ళు వెనక్కొచ్చారా అసలు?"

షాపతను నా వంక చూశాడు. నేను సీలింగు ఫ్యాన్ల వంక చూశాను.

"అంత అనుమానమైతే అక్కడి సాకెట్టు కూడా ఉంది. ఇంట్లో గోడకి బిగించుకుని చూసుకోండి," అన్నాడు వెటకారంగా.

"మంచి మాట చెప్పావు. అదీ ఇవ్వు," అన్నాడు బావ.

మర్నాడే ఎలక్ట్రీషియన్ వచ్చి మంచం పక్క గోడ తొలిచాడు. రాలిన సున్నం ఊడ్చుకుంటూ అక్క అడిగింది, "రేపు నా మిక్సీ దీన్లో పెట్టుకోనా?"

"నీ మిక్సీకి పాస్‌పోర్టు లేదే."

సాకెట్టులో అడాప్టర్, అడాప్టర్‌లో చార్జర్. పచ్చ లైటు వెలిగింది. బావ దానెదురుగా కుర్చీ వేసుకుని పూటంతా కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ చార్జింగు అక్కడే. అలవాటు పడాలట.

ఈ ఉదయం ప్రయాణమయ్యాడు. అక్కకి తోడుగా ఉందామని వెళితే, అది గడ్డంతో గోడ చూపించింది. అడాప్టర్ దర్జాగా గోడలోనే ఉంది.

"చార్జర్ పీక్కుని వెళ్ళారు. ఇది గోడదే అనుకున్నట్టున్నారు."

"ఫోన్ చేశావా?"

"నువ్వే చెయ్యవే. నేను చేస్తే నాకు నవ్వొస్తుంది, ఆయనకి కోపమొస్తుంది."

ఎయిర్‌పోర్టులో దొరక్కపోదు, కొనుక్కోవచ్చు. కానీ అక్కడా పెట్టి చూపించమంటాడు. చూపించేదాకా విమానం ఆగదు కదా. కళ్ళు మూసుకుని కొనెయ్యి బావా అని గట్టిగా చెప్పాలి. ఉండండి, ఆయన చెవుల్లో చార్జింగు ఉండగానే ఫోన్ చేసేస్తాను.